ఆర్విడ్ గారి పిరికితనం

ఆర్విడ్ టోలెఫ్‌సన్‌కి తుపాకీ పేలినప్పుడు వెనక్కి భుజాన్ని తన్నుతుందని భయం. ఆ భయమేదో ఇంట్లో కూర్చుని పడి ఉంటే ఎవరికీ బాధ ఉండేది కాదు. ఆయన మాత్రం ప్రతి గురువారం సాయంత్రం పనిగట్టుకుని తుపాకుల క్లబ్బుకి వచ్చి, నలుగురూ వినేలా భయపడేవాడు.

మనిషిని చూస్తే గుమ్మంలో తల వంచితే గాని పట్టడు. ధాన్యం గోదాములో పనిచేసి రిటైరైన ఒళ్ళు. అంత భుజానికీ చొక్కా లోపల ఓ సోఫా దిండు, దాని మీద దారంతో కుట్టిన బాతులు. చెవుల్లో రబ్బరు బిరడాలు, వాటి మీద మోత ఆపే డిప్పలు, డిప్పల మీద ఉన్ని టోపీ. ఈ సరంజామాతో క్లబ్బు వంటగది కిటికీ ముందు నిలబడి, "వెర్నా, ఇవాళ తన్నుతుందంటావా?" అని అడిగేవాడు.

"తన్నకుండా ముద్దుపెట్టుకుంటుందా ఆర్విడ్?"

"ఏమిటీ?"

వెర్నా క్యూల్ రెండోసారి చెప్పేది కాదు. క్లబ్బులో కాఫీ కాచేదీ, మార్కులు వేసేదీ, అందరూ వెళ్ళాక నేల తుడిచేదీ ఆవిడే. భర్త పోయాక కాలక్షేపానికని ఒప్పుకున్న పని. కాలం గడుస్తూనే ఉంది, పని మాత్రం తరగలేదు. తన అలసట గురించి ఆవిడ ఎవరితోనూ అనేది కాదు. ఊరి మొత్తానికి సరిపడా మూలుగులు ఆర్విడ్ ఒక్కడే మూలిగేవాడు.

అందరూ రేకుల పందిరి కింద వరసగా నిలబడి, యంత్రం గాల్లోకి విసిరే మట్టి పళ్ళేలని కాలుస్తుంటే, ఆయనొక్కడే వానలో బయట నిలబడేవాడు. "రేకు మోతని తిప్పి నా నెత్తినే కొడుతుంది" అనేవాడు. ఓసారి పక్క ఊరి జట్టు నాయకుడు జాలిపడి, "ఆయనకేమైనా జబ్బా అమ్మా?" అని వెర్నాని అడిగాడు.

"జబ్బేం లేదు. సిగ్గే లేదు."

ఇక ఆయన తూటాలు. సన్న గొట్టానికి పట్టే ఇరవై బోరువి, అందులోనూ మందు తగ్గించి నింపినవి కావాలి. మోత తక్కువ, తన్నూ తక్కువ. వాటికోసం వెర్నా ఫోన్ చేసిన ప్రతిసారీ దుకాణం కుర్రాడు, "అవి చిన్నపిల్లల తూటాలండీ" అనేవాడు.

"తెలుసు నాయనా. మా చిన్నపిల్లాడికి డెబ్బై దాటాయి" అనేది వెర్నా.

ఆర్విడ్ మీట నొక్కకముందు ఓ "అబ్బా", నొక్కాక ఇంకో "అబ్బా". మొదటి అబ్బాకి వెర్నా కొడుకు కెర్మిట్, "బాబాయ్, ఇంకా పేలలేదు" అని గుర్తుచేసేవాడు. "పేలుతుందిగా" అనేవాడు ఆర్విడ్. జనం నవ్వేవారు. ఏళ్ళ తరబడి వినీ వినీ వెర్నాకి నవ్వే ఓపిక పోయింది, విసుక్కునే ఓపికా పోయింది.

ఆ ఏడు వెర్నా కూతురు తన నర్సు చదువు అయ్యేదాకా తన పిల్లని వెర్నా దగ్గర ఉంచింది. పిల్ల పేరు మారిట్, ఏడో తరగతి. ఏడాది మధ్యలో బడిలో చేరింది కాబట్టి మధ్యాహ్నం భోజనానికి పక్కన ఎవరూ లేరు. చివరికి బడి తుపాకీ జట్టులోని ఇద్దరమ్మాయిలు తమ బల్ల దగ్గరికి పిలిచి, "నువ్వూ జట్టులోకి రా" అన్నారు. శనివారం ఎంపిక. ఆ రోజు ఎంపిక కాకపోతే ఆ బల్ల కూడా పోయినట్టేనని మారిట్ చెప్పలేదు, వెర్నాకే తెలిసింది.

మేనమామ కెర్మిట్ ముచ్చటపడి తన చిన్ననాటి ఒంటిగొట్టం తుపాకీ తెచ్చి ఇచ్చాడు. "పిల్ల చిన్నది, తుపాకీ తేలికది. ఇంకేం కావాలి?" అన్నాడు. ఆ చుట్టుపక్కల మేనమామలందరూ చేసే పొరపాటే అది. తేలిక తుపాకీ తన్నుని తనలో ఉంచుకోలేదు, ఉన్నదంతా భుజానికి ఇచ్చేస్తుంది. పైగా కెర్మిట్ వేసినవి బాతుల వేటకి వాడే తూటాలు. మారిట్ కిక్కురుమనలేదు. కానీ అప్పటినుంచీ మీట నొక్కేలోపే కళ్ళు మూసుకుని గొట్టం కిందికి వంచేసేది. పళ్ళేలన్నీ హాయిగా ఎగిరి గడ్డిలో దిగేవి.

గురువారం పొద్దున, "అమ్మమ్మా, శనివారం నాకు కడుపునొప్పి వచ్చేలా ఉంది" అంది.

ఆ సాయంత్రం ఆర్విడ్ మామూలుగానే రెండు అబ్బాలూ అని, వంటగది కిటికీ కింద మారిట్ పక్కన బల్ల మీద కూలబడ్డాడు. "చచ్చాను. పొద్దున చొక్కా చెయ్యి కూడా తొడుక్కోలేకపోయాను."

అందరూ నవ్వారు. మారిట్ నవ్వలేదు. "నిజంగా అంత నొప్పా తాతా?"

"మరి? తన్నితే నొప్పి పుట్టదా?"

"అందరికీ చెప్పేస్తారేంటి? సిగ్గనిపించదా?"

"అనిపిస్తుందమ్మా. చెప్పకపోతే ఇంకా గట్టిగా తన్నేదాన్ని తెచ్చి చేతిలో పెడతారు. అది ఇంకా కష్టం."

మారిట్ కాలరు పక్కకి జరిపింది. భుజం నేరేడు రంగులో ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ తనకి కనపడనిది కాఫీ కెటిల్ పట్టుకుని కిటికీలోంచి చూసింది వెర్నా. కప్పులో కాఫీ పొర్లి సాసర్లోకి పోయింది.

ఆర్విడ్ "అయ్యో" అనలేదు. "ఇదీ నా భుజంలాంటిదే. మనం మనం ఒకటి" అన్నాడు. తన ఇరవై బోరు తుపాకీ ఖాళీ చేసి ఆమెకిచ్చాడు. "ఇది పేలినప్పుడు లోపలి మర తన్నులో కొంత మింగేస్తుంది. బరువు ఇంకొంత మింగుతుంది. ఒకసారి కాల్చి చూసి నాకు కాస్త ధైర్యం చెప్పు."

"బాబాయ్, పిల్ల అంత బరువు మోస్తుందా?" అన్నాడు కెర్మిట్.

"పొద్దస్తమానం మొయ్యక్కర్లేదురా. పళ్ళెం గాల్లో ఉన్నంతసేపే. మిగతాసేపు నేను మోస్తాను. ఆ వంకన నాకు కాల్చే పని తప్పుతుంది."

మారిట్ చెవులకి బిరడాలూ డిప్పలూ పెట్టి, రేకుల పందిరికి దూరంగా తీసుకెళ్ళాడు. తూటా వేశాడో లేదో చెప్పకుండా తుపాకీ అందించేవాడు. ఖాళీ తుపాకీకి కూడా గొట్టం దభీమని వంగేసరికి మారిట్‌కే నవ్వొచ్చింది. "అది నన్నేం చెయ్యకుండానే భయపడ్డాను తాతా."

"నేను ప్రతి గురువారం చేసేది అదే" అన్నాడు ఆర్విడ్.

మర్నాడు కూడా చీకటిపడే దాకా అదే పని.

శనివారం క్లబ్బులోనే ఎంపిక. ఆర్విడ్ తుపాకీతో కాల్చినా మారిట్‌కి మొదటి పళ్ళేలు తగల్లేదు. వెర్నా మార్కుల పెన్సిల్ ముక్కు విరిగింది. తర్వాతి పళ్ళెం గాల్లోనే నల్లటి పొడి అయింది. దాని తర్వాతిదీ అంతే. కొన్ని పోయాయి, ఎక్కువ పగిలాయి. జట్టు టీచరు తల ఎత్తకుండానే, "మంగళవారం బడి అవగానే బస్సు. ఆలస్యంగా వస్తే ఆగం" అంది. ఆ ఇద్దరమ్మాయిలూ మారిట్‌ని చెరో రెక్కా పట్టుకుని లాక్కుపోయారు.

వెర్నా కాఫీ పిప్పి పారబోయడానికి చెట్ల వరస వెనక్కి వెళ్ళింది. అక్కడ ఆర్విడ్ ఒక్కడే ఉన్నాడు. చేతిలో కెర్మిట్ ఒంటిగొట్టం, పక్కన ఆ బాతుల తూటాల డబ్బా. దిండు లేదు, ఉత్త చొక్కా. పాత విసురుడు యంత్రం తాడుని కాలితో లాగాడు, పళ్ళెం లేచింది. చెవులు గింగురుమనేలా పేలింది. పళ్ళెం పొడైంది. ఆ భుజం గోడలా ఉన్నచోటనే ఉంది. "అబ్బా" లేదు. ఇంకోటి, ఇంకోటి. ఒక్కటీ పోలేదు.

వెర్నాని చూసి దొంగలా తుపాకీ దించాడు. "పిల్ల ఏం భరించిందో చూద్దామని" అన్నాడు.

"ఏం భరించింది?"

"చాలా."

"నీకు నొప్పి లేదూ?"

అబద్ధమాడదామని కాసేపు ప్రయత్నించాడు. "పెద్దగా లేదు" అన్నాడు చివరికి.

"ఇన్నేళ్ళూ మా ప్రాణాలు తీశావు కదయ్యా."

"వెర్నా, నీకు పుణ్యముంటుంది, ఎవరితోనూ అనకు. పిల్లల్లో నా పేరు పోతుంది. ఇంక ఎవరూ నా దగ్గరికొచ్చి భుజం చూపించరు."

ఆ మోతకి పిల్లలు చెట్ల వైపు పరిగెత్తుకొస్తున్నారు, ముందు మారిట్. వెర్నా పిప్పి డబ్బా కింద పెట్టింది. ఆయన చేతిలోని తుపాకీ లాక్కుని, గొట్టం మడిచి తెరిచి, తూటా లేదని చూసుకుని చంకలో పెట్టుకుంది.

"ఎవరు కాల్చారు?" అంది మారిట్ రొప్పుతూ.

"నేనే. ఈయన వణికిపోతుంటే ఇంకేం చెయ్యను?" వెర్నా భుజం రుద్దుకుంది. ఎన్నో ఏళ్ళ తర్వాత నోరు తెరిచి, "అబ్బా, నొప్పే తల్లీ" అంది. అనేశాక ఒళ్ళు కాస్త తేలికైనట్టు అనిపించింది.

మారిట్ తుపాకీ అందుకుని అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇది పెద్దవాళ్ళు కాల్చేది కాదు అమ్మమ్మా. రా, నీకు మెత్తగా ఉండేది నేను చూపిస్తాను. భయపడకు, పక్కనే ఉంటాను."

వెర్నా బుద్ధిగా ఆమె వెంట నడిచింది. వెనక ఆర్విడ్ టోపీ తీసి, ముఖం అందులో దాచుకుని దగ్గుతున్నాడు.