అత్తగారు చెప్పిన జవాబులు

మా ట్యూటరమ్మ ఊళ్లోనే కద్మాలో తన ఇంట్లో పోయారన్న కబురు, నేను ప్రసూతి వార్డులో డ్యూటీలో ఉండగా తెలిసింది. చేతిలో ఉన్న చార్టు పూర్తిచేసి, పక్క సిస్టర్‌కి వార్డు అప్పగించి బయల్దేరాను. చార్టు సగంలో వదిలేసి వెళ్తే ఆవిడ లేచి కూర్చుని మరీ తిట్టేవారని దారిలో నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది.

డెబ్బైల చివర జంషెడ్‌పూర్‌లో మాకు నర్సింగ్ పాఠాలు చెప్పేవారావిడ. శ్రీకాకుళం నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. క్లాసులో పాఠం హిందీలో నడిచినా, తెలుగు పిల్లలకు చీవాట్లు మాత్రం తెలుగులోనే. ఏది రాసినా పెన్సిలుతోనే రాసేవారు. ఎందుకని అడిగితే, "పెన్నుతో రాత్తే తప్పొప్పుకోడానికి మనసొప్పదే" అనేవారు.

నేను నర్సునై వార్డులో చేరిన రెండో ఏడు ఆవిడ ఒక పరిశోధన మొదలుపెట్టారు. బాలింతలు ఇంట్లో ఎలా ఉంటున్నారు, వాళ్లను చూసే నర్సులకు తమ ఉద్యోగంలో తృప్తి ఉందా అన్నవి తెలుసుకోవాలని. నర్సు నలిగిపోతే ఆ నష్టం చివరికి బాలింతకే అని ఆవిడ గట్టి నమ్మకం.

పర్సుడీహ్‌లోని తెలుగు ఇళ్లకు నన్ను పంపారు. బాలింతల్ని, కడుపునిండా తింటున్నావా, దాహమైతే నీళ్లిస్తున్నారా అని అడగాలి. వారం తిరక్కుండా కాగితాలన్నీ నింపి గర్వంగా తెచ్చిచ్చాను. అన్నిటికీ అవుననే జవాబు. ఆవిడ చదివి కళ్లజోడు తీశారు.

"ఏటే, ఆ వీధిలో ఆడోళ్లందరికీ ఒకటే కడుపా? నువ్వడిగినప్పుడు పక్కనెవరున్నారు?"

ఉన్నది అత్తగార్లు. నేను కోడల్ని అడిగాను, అత్తగారు చెప్పింది, నేను రాసుకున్నాను. అందులో తప్పుందని నాకు తట్టనే లేదు.

మర్నాడు ఆవిడే నాతో వచ్చారు. ఒక ఇంట్లో అత్తగారిని అరుగు మీద కూర్చోబెట్టి, ఆమె పురుళ్ల ముచ్చట్లు అడగడం మొదలుపెట్టారు. లోపల కోడలు నా చెయ్యి పట్టుకుంది. "దాహమేత్తంది అక్కా. సెంబుడు నీళ్లడిగితే పెదాలకి తడిగుడ్డ పెట్టారు." ట్యూటరమ్మ అత్తగారిని ఒక్క మాటా అనలేదు. వాము వేసి కాచిన నీళ్లు బాలింతకు మంచివని మెల్లగా నచ్చజెప్పి, అత్తగారి చేతే చెంబు నింపించారు.

ఆ తర్వాత నర్సుల వంతు. ఒక్కొక్కరినీ తన గదికి పిలిచి, పేరుతో సహా రాయించి, కాగితాలు స్వయంగా తీసుకున్నారు. అందరూ తృప్తిగా ఉందనే రాశారు. నేనూ అదే రాశాను. అప్పటికి నా సంచిలో రాజీనామా కాగితం ఉంది. వరసగా రెండేసి షిఫ్టులు నిలబడలేక, కాసిడీహ్‌లో ఒక స్కూల్లో పని చూసుకున్నాను. జవాబులు చూసి ఆవిడ మురిసిపోతుంటే నాకు మనసు ఒప్పలేదు. ఈ కాగితాల పక్కన కూడా అత్తగారున్నారండీ అనేశాను.

ఆవిడ కాగితాల మీది పేర్లు మళ్లీ ఒక్కొక్కటే చూశారు. తర్వాత, "నానే అత్తగారినయిపోనానే" అన్నారు. కోపం లేదు, సాకులూ లేవు. అంత చదువుకున్న మనిషి తప్పును అంత సులువుగా ఒప్పుకోవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం మమ్మల్నందరినీ క్లాసురూములో కూర్చోబెట్టి, తెల్లకాగితాలు పంచి, పేర్లు రాయొద్దని చెప్పి బయటికెళ్లి తలుపు మూసేశారు. నేను రెండువైపులా రాశాను. ఇంకా మిగిలిపోయింది. సంచిలోంచి రాజీనామా తీసి దాని వెనక రాయడం మొదలుపెట్టాను. అవతలివైపు నా పేరూ సంతకమూ ఉన్నాయి. ఉంటే ఉండనీ అనుకున్నాను.

రాస్తూ ఒకసారి కిటికీలోంచి చూశాను. వేసవి ఎండలో, కొంగు తలమీద కప్పుకుని, మావైపు వీపు పెట్టి నిలబడి ఉన్నారావిడ. మాలో చివరి మనిషి రాయడం ముగించేదాకా ఇటు తిరగలేదు.