ట్యాంకరుకు మా ఆయన కాపలా

నిరుడు సూరత్‌లో, నవాగామ్‌లోని మా ఇంటి ముందు, పాప పుట్టినరోజుకు కట్టెల పొయ్యి మీద బగారన్నం వండుతున్నాను. పుదీనా కోసం కొట్టుకు వెళ్లొచ్చేసరికి పొయ్యికి నాలుగడుగుల దూరంలో ఒక ట్యాంకర్ ఆగి ఉంది. దాని వెనక, లోపల అంటుకునే సరుకుందని చెప్పే ఎర్రటి మంట బొమ్మ! డ్రైవర్ జాడ లేదు. బిందెడు నీళ్లు పొయ్యిలో కుమ్మరించాను. అన్నం సగం ఉడికి ఆగిపోయింది. బీడీలు ఆర్పమని అందరి మీదా అరుస్తూ డ్రైవర్ కోసం సందులన్నీ తిరిగాను.

చివరికి అతను భోంచేసి తాపీగా వచ్చాడు. ఇలాంటి బండిని వదిలేసి వెళ్లకూడదన్న రూల్ తెలియదా అని హిందీలో కడిగేశాను.

"వదిలేయలేదు బెహన్, ఈ భాయ్‌కి బండి చూస్తుండమని చెప్పే వెళ్లాను" అన్నాడు.

అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటూ బయటికొచ్చిన మా ఆయనను చూపించాడు!

"ఏందయ్యా గిది?" అన్నాను.

"జర బండి జూడుమన్నడు, సరే అన్న. గంత పెద్ద బండిని ఎవడు ఎత్కపోతడని తానానికి పోయిన. దాంట్ల ఏమున్నదో నాకేమెరుక?"

చుట్టాలకు బజారు నుంచి పావ్‌భాజీ తెప్పించాం. ఇంతమంది ప్రాణాలను ఏమీ తెలియని మనిషికి అప్పగించి అన్నానికి వెళ్లిన ఆ డ్రైవర్‌ను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా ఆయనకైతే పొయ్యి మీద పాలు చూడమని కూడా చెప్పడం మానేశాను.