వేడెక్కని కారు

యెహెజ్కేలు గారు కారు నడుపుతారని పాలకొల్లులో ఎవరూ అనరు. కారు ఆపుతారంటారు. నరసాపురం వెళ్లినా, రాజమండ్రి వెళ్లినా, దారిలో నాలుగైదు చోట్ల బండి పక్కకి తీసి, దిగి, బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడకపోతే ఆయనకి ప్రయాణం చేసినట్టే ఉండదు. "వేడెక్కిందండి. కాస్త చల్లారాలి" అంటారు. ఆయనది ఐసు ఫ్యాక్టరీ. చుట్టుపక్కల రొయ్యల చెరువులన్నిటికీ చల్లదనం పంపించే మనిషి సొంత కారుని చల్లార్చలేకపోతున్నాడేంటని ఊరంతా నవ్వుకునేది.

ఆ కారూ సామాన్యమైనది కాదు. ఎప్పుడో మిషను ఆసుపత్రిలో పనిచేసి వెళ్లిపోయిన దొర డాక్టరు వదిలేసిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఎర్ర రంగు, మడిచే టాపు. బండిలో సగం బానెట్టే. దాన్ని ఎత్తితే రోడ్డు మీద తడిక కట్టినట్టుండేది.

పక్క వీధి రైతు బుల్లబ్బాయి గారు షుగరు మనిషి. ఆయనొకసారి పిఠాపురం గుడికి ఆ కారులో వెళ్లారు. పొద్దున్న బయల్దేరి సాయంత్రానికి చేరారు.

"ఎన్నిసార్లు ఆగిందండీ?" అని అడిగారు జనం.

"లెక్కెవరు పెట్టారండీ! కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఆగిన ప్రతిచోటా మంచి చాటుంది."

యెహెజ్కేలు గారి తమ్ముడి కూతురు దీవెన ఆ కారులోనే పెరిగింది. రాజమండ్రి హాస్టలుకి దింపినా, సెలవులకి తెచ్చినా పెదనాన్నే. "నీ పెళ్లికి చర్చికి నేనే తీసుకెళ్తానమ్మా" అని దీవెన జడగంటలు కట్టుకునే రోజుల్లోనే మాటిచ్చేశారాయన. తీరా పెళ్లి కుదిరాక దీవెన తల్లి సంపూర్ణమ్మ అడ్డం తిరిగింది.

"బావగారూ, మీ మీద గౌరవం ఉందండి. ఆ కారు మీద లేదు. పెళ్లికూతురు రోడ్డు పక్కన నిలబడితే రత్నమాణిక్యం గారు ఊరుకుంటారా?"

రత్నమాణిక్యం గారు పెళ్లికొడుకు తల్లి. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. పెళ్లిచూపులకి వీళ్లు కాస్త ఆలస్యంగా వెళితే, గోడ గడియారం వైపు చూసి, "కూర్చోండి" అన్న మనిషి. ఆ ఒక్క మాటకి సంపూర్ణమ్మకి ఇప్పటికీ చెమటలు పడతాయి.

మాట పోగొట్టుకోవడం ఇష్టంలేక యెహెజ్కేలు గారు కొత్త మోడలు స్పోర్ట్స్ కారు కొన్నారు. అదీ రెండు సీట్లే, అదీ ఎరుపే. పోలిక అక్కడితో సరి. షోరూములోనే బానెట్ ఎత్తి చూస్తే లోపల నల్లటి ప్లాస్టిక్ మూత కనిపించింది.

"ఇంజనేదండీ?"

"మూత కింద ఉందండి. మీరు చూడక్కర్లేదండి," అన్నాడు షోరూము మేనేజరు.

"నా ఇంజను నేను చూడక్కర్లేదా?"

"సర్వీసుకొచ్చినప్పుడు మేం చూస్తామండి."

"మరి రోడ్డు మీద నేనేం చెయ్యాలండీ?"

"వెళ్లిపోవడమేనండి."

వెళ్లిపోవడమే అన్న మాట ఆయనకి రుచించలేదు. వారం రోజులపాటు కనపడినవాళ్లందరికీ ఆ కారు మీద ఫిర్యాదులు చెప్పుకున్నారు. దీవెనకైతే రోజూ ఫోను. "ఇంజను మోత స్పీకర్లలోంచి వస్తుందిటమ్మా! బ్యాండు మేళం బదులు రికార్డు పెట్టినట్టు. పైగా అడక్కుండా మాట్లాడుతుంది. పాతది మూలిగితే ఎక్కడ నొప్పో నాకు తెలిసేది. ఇది మాత్రం ఎప్పుడూ నేను బాగున్నాను, బాగున్నాను అంటుంది. అలా అనేవాళ్లని నమ్మకూడదమ్మా."

దీవెన నవ్వేసింది. నిజానికి బాగున్నాను అని చెప్పడంలో ఆమెని మించినవాళ్లు లేరు. కారెక్కితే ఆమెకి కడుపులో తిప్పుతుంది. చిన్నప్పుడు స్కూలు బస్సులో ఒకసారి వాంతి చేసుకుని పరువు పోగొట్టుకుంది. దానికో పేరు పెట్టి పిల్లలు ఏడాదంతా ఏడిపించారు. అప్పట్నుంచీ ఆ సంగతి కన్నతల్లికి కూడా చెప్పలేదు. అదృష్టం కొద్దీ, ఆమెకి తిప్పే సమయానికే పెదనాన్న ముసలి కారు కూడా వేడెక్కిపోయేది. చక్రం వెనక రాయి పెట్టమనో, కాలవలో నీళ్లు తెమ్మనో పెదనాన్న పంపేవారు. ఆమె బానెట్ చాటున తేరుకుని వచ్చేది. దేవుడి దయ అనుకునేది.

కొత్త కారు వేడెక్కదు. పెళ్లిరోజు పొద్దున్న ఆమె భయమల్లా అదే.

పెళ్లి రాజమండ్రి చర్చిలో. పాస్టరు ఏసురాజు గారికి ఆ రోజు రెండు పెళ్లిళ్లు. "పదిన్నరకి పెళ్లికూతురు గుమ్మంలో లేకపోతే రెండో జంటని ముందు పిలిచేస్తాను. మీది ఇక సాయంత్రమే" అని ముందే చెప్పేశారు. బంధువులంతా తెల్లవారకముందే బస్సులో వెళ్లిపోయారు. దీవెన జుట్టుతో బ్యూటీషియను పెనుగులాట ముగిసేసరికి ఎనిమిది దాటింది. తెల్లచీర, ముసుగు, ఖాళీ కడుపు. ఎక్కి కూర్చుంది.

పెనుగొండ దాటేసరికి కొత్త తోలు వాసన, ఏసీ, భయం కలిసి పని మొదలుపెట్టాయి. ఆమె పళ్లు బిగించి కిటికీలోంచి అరటితోటల వైపు చూస్తోంది. కారు ఆగింది.

"ఏంటి పెదనాన్నా?"

"వేడెక్కిందమ్మా. దిగి వెనక టైరు చూసి రా. నిదానంగా చూడు."

"ఇంజన్ టెంపరేచర్ నార్మల్," అంది కారు.

"నువ్వు నోరుముయ్యి," అని ఆయన బానెట్ ఎత్తారు.

దీవెన వెనక్కి వెళ్లి కాలవగాలి పీల్చింది. ప్రాణం లేచొచ్చింది. అంతలో ఫోను వచ్చి, కారు స్పీకర్లన్నిటిలోంచీ సంపూర్ణమ్మ గొంతు రోడ్డంతా మోగింది. "బావగారూ! ఎక్కడున్నారండీ? ఆపారా?"

"లేదమ్మా, వచ్చేస్తున్నాం."

"ఆపారు! నాకు తెలుసు! రత్నమాణిక్యం గారు గుమ్మంలో కుర్చీ వేయించుకున్నారండీ!"

సిద్ధాంతం వంతెన ఎక్కేముందు మళ్లీ ఆగింది. రావులపాలెం దాటాక లారీల వెనక అరగంట పాకి, మళ్లీ ఆగింది. ప్రతిసారీ ఆయన వేడెక్కిందనడం, కారు కాదనడం, స్పీకర్లలో సంపూర్ణమ్మ "ఆపారా?" అనడం. టైము పది దాటింది. దీవెన వేళ్ల మీద నిమిషాలు లెక్కపెట్టుకుంటోంది. కడియపులంక నర్సరీల దగ్గర ఆయన నాలుగోసారి బండి పక్కకి తీయగానే ఆమె అరిచేసింది.

"చాలు పెదనాన్నా! పెళ్లి తప్పిపోతుంది. కారు బాగానే ఉందని అదే చెప్తోంది కదా! దానికి తెలీదా?"

"దానికేం తెలుసమ్మా!" అన్నారాయన, దిగి బానెట్ మీద చెయ్యి వేసి. "ముందు చూడ్డానికో కెమెరా ఉంది. వెనక చూడ్డానికో కెమెరా ఉంది. పక్క సీటులో మనిషి మొహం ఎలా ఉందో చూసేది ఒక్కటీ లేదు."

దీవెన కూడా దిగి, బానెట్ మీది ఆ చెయ్యి వైపు చూసింది. చక్రం వెనక పెట్టిన రాళ్లూ, అక్కర్లేకుండా కాలవలోంచి తెచ్చిన చెంబుల నీళ్లూ కళ్లముందు తిరిగాయి. బుల్లబ్బాయి గారి షుగరు గుర్తొచ్చింది.

"అయితే ముసలి కారు ఎప్పుడైనా నిజంగా వేడెక్కిందా?"

"ఎందుకు వేడెక్కుతుందమ్మా, బంగారంలాంటి బండి. పాపం, నింద మోసేది. దీనికి ఆ సద్గుణం లేదు."

"మీకు తెలుసని ఒక్కసారైనా చెప్పచ్చు కదా!"

"నువ్వు చెప్పలేదుగా."

ఇంకా పాతిక నిమిషాలుంది. దీవెన కారెక్కి బెల్టు పెట్టుకుంది. "పెదనాన్నా, నాకు కార్లు పడవు. వాంతి వస్తుంది. చెప్పేశాను. ఇక దీన్ని వేడెక్కనివ్వకండి. ఆ టాపు తీసేసి పోనివ్వండి."

"జుట్టమ్మా! పొద్దుట్నుంచీ కట్టింది—"

"పోనివ్వండి!"

ఆయన మీట నొక్కారు. టాపు మడతపడింది. గోదావరి గాలి మీదపడింది. కొత్త కారు ఏంటో యెహెజ్కేలు గారు ఆ రోజే చూశారు. బ్యూటీషియను పొద్దుటి కష్టమంతా వేమగిరిలోపే ఊడిపోయింది. దీవెన ముసుగుని రెండు చేతులా పట్టుకుని, నోరారా గాలి మింగుతూ కూర్చుంది.

చర్చి దగ్గరికి వచ్చేసరికి రెండో జంట మెట్ల మీద ఉంది. ఏసురాజు గారు వాళ్లని రమ్మని చెయ్యి ఎత్తారు. ఎర్రకారు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆ మెట్ల ముందే ఆగింది. పాస్టరు గారు వాచీ చూసుకుని, ఎత్తిన చెయ్యి దించారు.

రత్నమాణిక్యం గారు కుర్చీలోంచి లేచారు. పిచుకగూడులా ఉన్న కోడలి తలని కిందనుంచి పైకి చూశారు.

"ఏంటిది?"

దీవెన నోరు విప్పేలోపే యెహెజ్కేలు గారు అడ్డం వచ్చారు. "తప్పు కారుదండి. కొత్తదైనా ఆగిపోతూ వచ్చింది. నేను చెప్తూనే ఉన్నాను, ఈ మోడళ్లు నమ్మదగ్గవి కావండి."

సంపూర్ణమ్మ తల బాదుకుంది. రత్నమాణిక్యం గారు ఆయన్ని ఒక చూపు చూసి, తన కొప్పులోంచి రెండు పిన్నులు లాగి, కోడలి ముసుగు సరిచేసి, "పద" అన్నారు.

పెళ్లయ్యాక కొత్త దంపతుల్ని ఆ కారులోనే సాగనంపారు. తాళాలిస్తూ యెహెజ్కేలు గారు పెళ్లికొడుకు ప్రేమ్ కుమార్‌ని పక్కకి పిలిచి చెవిలో ఏదో చెప్పారు. అతను వింటూ భార్య వైపు ఒకసారి చూసి తలూపాడు.

బంధువులంతా చేతులూపారు. కారు గేటు దాటింది. వంద గజాలు వెళ్లి, వేపచెట్టు నీడలో పక్కకి తీసి ఆగింది. ప్రేమ్ కుమార్ దిగి, కోటు సవరించుకుని, బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యో, మళ్లీ ఆగిపోయింది! ఇదేం కారు కొన్నారండీ బావగారూ!" అంది సంపూర్ణమ్మ.

యెహెజ్కేలు గారు ఎత్తిన ఆ ఎర్ర బానెట్ వైపే కాసేపు తృప్తిగా చూశారు.

"మంచి కారేనమ్మా," అన్నారు, మొదటిసారిగా.