టెంకాయ నిలబడిన దిబ్బ

చెక్ దేశంలో ఒక చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో నేను తిరగని సందు లేదు. అక్కడి నేల కింద నీళ్ళు ఎటు పారుతాయో నా అరికాళ్ళకు తెలుసు.

టీ అంగడి దగ్గర ఈ కథ ఇలాగే మొదలుపెడతాను. గార్లదిన్నె దాటి అవతల నేను బోరు పాయింటు చూపించని పొలం లేదు కాబట్టి జనం నమ్ముతారు. నిజానికి ఆ నీళ్ళు చూపించిన రోజు నేను మా ఇంటి ముందు నులక మంచం దిగలేదు. తిరిగింది నా తమ్ముని కూతురు. ఆమె ఫోన్లో చూపిస్తుంటే నేను చూశాను, అంతే.

ఆమె అక్కడ కార్ల సామాన్ల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఒక ముసలామె ఇంట్లో అద్దెకుంటుంది. వరుసగా వానలు తప్పి ఆ ఇంటి బావి ఎండిపోయింది. నీళ్ళు పడకపోతే ముసలామె ఇల్లు వదిలి పట్నంలో చెల్లెలి దగ్గరికి పోతానంటోందని, ఒంటరి మనిషి, పుట్టిన ఊరు అని ఈ పిల్ల బాధ. అందుకే టెంకాయ కొనుక్కొచ్చి నాకు ఫోన్ చేసింది.

మాకు మిట్టమధ్యాహ్నం. అక్కడ ఇంకా పొగమంచు. ఊరి మధ్యలో గుంట, దాని చుట్టూ గుండ్రంగా ఇళ్ళు, ఇళ్ళ వెనక ఏటవాలు పొలాలు, ఆపైన నల్లగా అడవి. గిన్నె అడుగున పెట్టినట్టుంది ఊరు. ఒక్క మనిషి లేడు. కుక్క అరుపు కూడా లేదు.

"చెప్పులు విడిచి నడువమ్మా. కాలికి మన్ను తగలకపోతే టెంకాయ పలకదు."

"గడ్డి మీదంతా మంచు ఉండాది పెద్దనాయనా. కాళ్ళు తెగిపోతాండాయి."

"తెగవులే, నడువు."

అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకొని నడిచింది. కింద నీళ్ళుంటే అది నిలువునా లేస్తుంది. ఒకచోట ఇళ్ళ వరుస ఆగిపోయింది. ఆపిల్ చెట్లు మాత్రం ఆగలేదు. ఇల్లు లేని చోట కూడా వాకిలి పక్కన నాటినట్టే నిలబడి ఉన్నాయి. వాటి మధ్య గడ్డి మొలిచిన మట్టి దిబ్బలు.

"ఈడ గూడా ఇండ్లు ఉండేవంట. పెద్ద యుద్ధం అయినాక ఆ ఇండ్లల్లో జనాన్ని దేశం దాటించినారంట. మా ఇంటి అవ్వ వాళ్ళ అమ్మానాయన ఈ ఊరికి వచ్చి, వాళ్ళు వదిలిన ఇంట్లో దిగేతలికి పొయ్యి మీద గిన్నె ఇంకా వేడిగా ఉండిందంట."

ఆ మాట అంటూ ఒక దిబ్బ ఎక్కింది. టెంకాయ నిలువునా లేచింది. చలికి చెయ్యి వణికి లేచిందేమో. ఆ అనుమానం అంగడిలో చెప్పను.

ఆమె వెనక మంచులో ముసలామె నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఏదో అంది.

"ఏమంటాంది?"

"ఏమీ లేదు పెద్దనాయనా," అని ఫోన్ పెట్టేసింది.

తవ్వితే రాళ్ళు కట్టిన పాత బావి బయటపడింది. ఎవరో కావాలనే పూడ్చారు. పింగాణీ పళ్ళేలు, కుర్చీలు, ఒక తలుపు రెక్క, దానికి వేసిన తాళం వేసినట్టే. అన్నిటి కింద తేటగా నీళ్ళు.

ముసలామె ఆ నీళ్ళు దోసిట పట్టి, ఫోన్లో నా ముఖానికి దండం పెట్టిందని చెప్పి ముగిస్తాను. ఆ దండం నేను చేర్చిందే. పోయిన నెల సెలవుకు వచ్చిన తమ్ముని కూతురు అంగడి దగ్గర నా పక్కనే నిలబడి అంతా విన్నది. టీ గ్లాసు కింద పెట్టి అంగడాయనతో అంది:

"నీళ్ళు పడినేది నిజమేనన్నా. అవ్వ ఒక్క చెంబు గూడా తోడలేదు. అవి ఆ దేశం దాటిపోయినోళ్ళ నీళ్ళు అనింది. వారం తిరక్కముందే సామాన్లు కట్టుకొని పోయింది." ఆపైన నా వైపు తిరిగింది: "బావి ఎండినేదానికి పోలేదు పెద్దనాయనా, నువ్వు నీళ్ళు చూపించినావని పోయింది."