రెండు చెంచాల ఉప్మా

మా మనవరాలికి పుట్టినప్పటి నుంచి కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. చక్రాల కుర్చీలోనే ఉంటుంది. బుర్ర మాత్రం పాదరసం. ఇక్కడ అమెరికాలో, నోవై అనే ఊళ్లో మా అమ్మాయి, అల్లుడుగారు ఉద్యోగాలకి వెళ్తే, బడి నుంచి వచ్చిన పిల్లని చూసుకోవడానికి సర్కారు ఖర్చు మీద ఒకావిడ వచ్చేది. పిల్లని ఎత్తడం నా నడుం వల్ల కాదు. ఆవిడ రాకపోతే మా అమ్మాయి ఉద్యోగం మానుకోవాల్సిందే.

ఏడాదికోసారి ఆ సాయం ఇచ్చే ఆఫీసు నుంచి ఒకామె వచ్చి, పిల్ల ఏమేం చేసుకోగలదో చూసి రాసుకుని పోతుంది. పోయిన చలికాలం ఆమె వస్తోందంటే మా ఇంట్లో పెళ్లిచూపుల హడావిడి. అల్లుడుగారు ఇల్లంతా అద్దంలా తుడిచారు. పిల్లకి పట్టు పరికిణీ కట్టించారు. పరాయివాళ్ల ముందు బిడ్డకి ఇది రాదు, అది రాదు అని చెప్పుకోవడం మా ఇళ్లలో లేదు. ఆమె ఏది అడిగినా "షి మేనేజెస్ వెల్" అన్నారు. తనంతట తను తింటుందా అంటే పిల్ల చేతికి చెంచా ఇచ్చారు. నాన్న చూస్తున్నాడని ఆ పిచ్చితల్లి పళ్లు బిగబట్టి రెండు చెంచాల ఉప్మా నోట్లో పెట్టుకుంది. ఆమె వెళ్లాక పిల్ల అలిసిపోయి సాయంత్రం దాకా పక్క మీదే ఉంది.

సాయం గంటలు సగానికి కోసేశారు. పిల్ల తనే తింటుందట, అదీ కారణం. మేం అప్పీలు పెట్టాం.

విచారణ ఫోన్‌లోనే. ఆ పొద్దున నాకు కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద పాలు పెట్టి కిటికీ దగ్గరికి పోయి మంచు చూసేదాన్ని, మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చేదాన్ని. అల్లుడుగారు ఫోన్ బల్ల మీద పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు.

"అమ్మా, దాన్ని లోపలి గదిలోకి తీసుకెళ్లు. ఇవన్నీ అది వినక్కర్లేదు," అంది మా అమ్మాయి.

"నేను వెళ్లను," అంది పిల్ల. "నా గురించే కదా, అమ్మమ్మా. ఐ వాంట్ టు లిసన్."

ఫోన్‌లో విచారణ చేసే పెద్దమనిషి అన్నిటికంటే ముందు తిండి గురించే అడిగాడు. నాకు వచ్చిన ఇంగ్లీషుకి ఆ మాత్రం తెలిసింది. అల్లుడుగారు "షి ఈజ్ ఇంప్రూవింగ్" అని ఆగిపోయారు. మా అమ్మాయి బల్ల కింద కాలితో పొడిచింది.

"చెప్పేయ్, నాన్నా," అంది పిల్ల. "నేనేం ఫీల్ అవ్వను. ఆ ఆంటీ రాసుకుంటుంటే థర్డ్ స్పూన్ పడిపోయింది కదా, అది చెప్పు."

అప్పుడు చెప్పారు. ఆ మూడో చెంచా దగ్గర మొదలుపెట్టి స్నానం, గుండీలు, రాత్రి పక్క మీద ఒత్తిగిలించి పడుకోబెట్టడం దాకా అన్నీ చెప్పారు. చెబుతున్నంతసేపూ పిల్ల వైపు చూడలేదు. పిల్లే మధ్యలో "షూస్ మర్చిపోయావ్" అని అందించింది.

ఫోన్ పెట్టేశాక నేను పొయ్యి దగ్గరికి పోయాను.

"ఉప్మా ఉందా, అమ్మమ్మా? ఎవరైనా పెట్టండి. ఐ యామ్ టైర్డ్," అంది పిల్ల.

అల్లుడుగారే చెంచాతో తినిపించారు.

కొన్ని వారాలకి గంటలు మళ్లీ మునుపటిలా ఇచ్చారు. అయినా నా మనసుకి నిలకడ లేదు. ఈ చలికాలం ఆ ఆఫీసామె మళ్లీ రావాలి. మొన్న ఆమె వచ్చే రోజు తెలియగానే అల్లుడుగారు వాక్యూమ్ బయటికి తీశారు.

"నాన్నా, ఆ ఆంటీ చూసేది నన్ను. హౌస్‌ని కాదు," అంది పిల్ల.

ఆయన నవ్వారు గానీ తుడవడం ఆపలేదు. నేను లోపలికి వెళ్లి పట్టు పరికిణీని పెట్టె అడుక్కి నెట్టేశాను.