నోరు లేని పెళ్లికారు

నిన్న గుడివాడలో, మా అపార్ట్‌మెంట్ కింద ఒక ఎలక్ట్రిక్ కారుని పెళ్లికి ముస్తాబు చేస్తుంటే, ఫోన్‌లో రీల్స్ ఆపేసి బాల్కనీలోంచి చూస్తూ నిలబడిపోయాను. మన వయసువాళ్లకి జ్ఞాపకాలేమిటని నవ్వకండి, ఆరేడేళ్లకే ఎంతో దూరం వచ్చేసినట్టుంటుంది.

హైదరాబాద్ వదిలి మొదటి ఉద్యోగానికి మచిలీపట్నం వచ్చిన రోజులవి. గిలకలదిండి వైపు ఒక ఇంట్లో మేడ మీద గది. కింద ఇంటివాళ్లది చేపల వ్యాపారం. చుట్టరికం లేకపోయినా మావయ్య, అత్తయ్య అనే పిలిచేవాణ్ణి. పలకరిస్తే ఫోన్‌లోంచి తలెత్తకుండా ఊకొట్టే నాతో ఎవరికీ పనుండేది కాదు. నాకున్న తోడల్లా నాన్న కొనిచ్చిన ఎలక్ట్రిక్ కారు. ముందు మామూలు కార్లకుండే జాలీలాంటి గ్రిల్ లేదు, తలుపుల పిడులు కూడా లోపలికి అణిగిపోయి ఉంటాయి, ఒళ్లంతా సబ్బుబిళ్లలా నున్నగా ఉండి, ముఖానికి అడ్డంగా ఒక్క లైటు గీత. ఆ అందం ఆ వీధిలో నాకొక్కడికే కనిపించేది.

వాళ్లబ్బాయి పెళ్లికి అవనిగడ్డ తరలి వెళ్లాల్సి వచ్చినప్పుడు, పెళ్లికొడుకుని మన కారులోనే తీసుకెళ్దామని అత్తయ్య అంది. ఆ ‘మన’ అన్న మాటకి రాత్రి నిద్ర పట్టలేదు. తీరా పొద్దున పూలతను వచ్చి కారు చుట్టూ తిరిగి, దండ కట్టడానికి ఎక్కడా ఆధారం లేదని, టేపు వేస్తే సముద్రపు గాలికి దారిలోనే ఊడిపోతుందని చేతులెత్తేశాడు. పెళ్లికొడుకు బావగారు ఊరుకుంటాడా!

“చూడు బావా, దీనికి నోరే లేదు. రేపట్నుంచి నీకూ ఇంతే!”

అందరూ నవ్వారు. బజార్నుంచి గ్రిల్ ఉన్న కారు పిలిపిద్దామని ఎవరో అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

“అక్కర్లేకపోతే మానెయ్యండి, నా కారుని మాత్రం వెక్కిరించకండి!” అనేసి మెట్లెక్కబోయాను.

“అలిగితే ఎలాగబ్బాయ్? ఇటొచ్చి పట్టుకో,” అన్నాడు మావయ్య. ఆయన చేతిలో కొత్త వల ముక్క ఉంది. దాన్ని బానెట్ మీద పరిచి, ముఖమంతా కప్పేలా కిందికి లాగి, తాళ్లు బంపరు అడుగున బిగించాలట. అవతలి కొస నాది. బావగారు నేలమీద పడుకుని తాళ్లు అందించాడు. ఆడవాళ్లు వల కన్నుల్లో బంతిపూలు దోపుతుంటే, “చేపలు ఆగే వలలో పూలు ఆగవా?” అంది అత్తయ్య. పెళ్లికొడుకు నా పక్కనే కూర్చున్నాడు. అవనిగడ్డ దాకా ఒక్క పువ్వు రాలలేదు, నేను ఒక్కసారీ ఫోన్ తీయలేదు.

తర్వాత ఆఫీసువాళ్లు నన్ను గుడివాడ పంపారు. ఇప్పుడు ఎక్కడ చూసినా నోరు లేని కార్లే, ఎవరికీ వింతగా లేదు. నిన్న వచ్చిన కుర్రాడు నున్నటి బానెట్‌కి అతుక్కునే రబ్బరు కప్పులు నొక్కి, వాటికి పూలు తగిలించి, ఒక్కడే చకచకా పని ముగించుకుని వెళ్లిపోయాడు. చాలా అందంగా ఉంది కారు. అవతలి కొస పట్టుకోమని కిందికి ఎవరైనా పిలుస్తారేమోనని, అది గేటు దాటేదాకా అక్కడే నిలబడ్డాను.