జోసఫ్ మాస్టారి విమానానికి పసుపు

నేను మా అమ్మ మీద చాడీ చెప్పి దొరికిపోయిన సంగతి మీకెవరికీ ఇంకా తెలీదు కదా. చెప్తాను, ముందు ఆ టీ తాగెయ్యండి, మధ్యలో నవ్వితే పొలమారుతుంది. నవ్వడానికి పెద్దగా ఏమీ లేదనుకోండి. నాకైతే వారం రోజులుగా అన్నం సయించట్లేదు. ఒక్క మాట మాత్రం, ఇది మా అమ్మ చెవిన పడకూడదు.

పూడిమడక రోడ్డులో నా మోటారు వైండింగ్ షాపు మీకు తెలిసిందే. రావికమతం, రోలుగుంట వైపు నుంచి చెరకు రైతులు కాలిపోయిన మోటార్లు తెస్తారు, నేను రాగి తీగ చుట్టి ఇస్తాను. అది నా బతుకు. నా రోగం వేరే. జపాన్ రోబో బొమ్మలు. చూడ్డానికి విమానంలా ఉంటుంది. రెక్కలు మడిచి, ముక్కు లోపలికి తోసి, కాళ్లు బయటికి లాగితే కత్తి పట్టుకున్న మనిషవుతుంది. చిన్నప్పుడు ఎదురింటి టీవీలో అలాంటి కార్టూన్ ఒకటి చూసి పాడైపోయాను. నలభై రెండేళ్లొచ్చాయి, ఇంకా బాగుపడలేదు.

ఇదేదో సరదా అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆర్డరు పెడితే మూడు నెలలకి వస్తుంది. వచ్చేసరికి డబ్బా మీద ఎవరో కూర్చుని లేచినట్టుంటుంది. దాని చేతివేళ్లు బియ్యపు గింజంత. ఒకటి జారిపడితే ఇంటిల్లిపాదీ నేల మీద పాకుతాం, దొరకడం మాత్రం మర్నాడు చీపురుకి దొరుకుతుంది. మన ఉక్కకి స్టిక్కర్లు ఊడొస్తాయి. ఎలా మడవాలో చెప్పే కాగితం మొత్తం జపాన్ భాషలో ఉంటుంది. పైగా ఆ తెల్ల ప్లాస్టిక్, ఎంత దాచుకున్నా ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడుతుంది.

నా దగ్గర మూడున్నాయి. ఒకదానికి రెక్క లేదు. ఇంకోదానికి తల నిలబడదు, ఎప్పుడు చూసినా తప్పు చేసినవాడిలా కిందికి చూస్తుంటుంది. మూడోది విమానం నుంచి మనిషిగా మారుతూ మధ్యలో బిగుసుకుపోయింది, ముందుకీ రాదు, వెనక్కీ పోదు. దాన్ని షాపులో కేలెండరు కింద పెట్టాను. వచ్చిన ప్రతివాడూ మీకు చిన్నపిల్లలున్నారా అని అడుగుతాడు. మా పిల్లలు ఇంటర్‌కొచ్చారు, వాళ్లు దానివైపు కన్నెత్తి కూడా చూడరు. బొమ్మ నాదేనని చెప్పడానికి నాకు నోరు రాదు.

అలా అడగని మనిషి ఒక్కరే, జోసఫ్ మాస్టారు. ఎలమంచిలిలో లెక్కలు చెప్తారు. రెండేళ్ల కిందట వాళ్లింటి బోరు మోటారు పట్టుకుని షాపుకొచ్చారు. మోటారు చేతిలోనే ఉంది, చూపు కేలెండరు కింద ఉంది.

"ఇరవయ్యో స్టెప్పులో ఆగిపోయిందేటి?" అన్నారు.

నిజం చెప్తున్నాను, నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత అనకాపల్లిలో నా బాధ అర్థం చేసుకోడానికి ఒక్కడు లేడు, ఎలమంచిలి నుంచి రావాల్సొచ్చింది.

అప్పట్నుంచి నెలకి రెండు ఆదివారాలు, చర్చి అయిపోయాక, ఆయన రైలెక్కి మా ఇంటికొచ్చేవారు. అమ్మ వేడివేడిగా పొంగడాలు వేసి పెట్టేది. ఆయన్ని చూస్తే అమ్మకి చాలా గౌరవం, ఎప్పుడైనా ఒక వారం రాకపోతే తనే ఫోన్ చేసి కనుక్కునేది. మేమిద్దరం టేబుల్ దగ్గర తలలు ఆనించి కూర్చుని, సన్న స్క్రూడ్రైవర్లతో గంటలు గంటలు గడిపేసేవాళ్లం. మా ఆవిడ పద్మ ఇంటికొచ్చినవాళ్లకి, వాళ్లిద్దరూ ఏదో మెషీను కనిపెడుతున్నారని చెప్పి పరువు కాపాడేది.

మాస్టారి దగ్గరున్నది ఒక్కటే బొమ్మ. కానీ అలాంటిది నేను ఇంకెక్కడా చూడలేదు. ఆయన తమ్ముడు ప్రకాశం ఓడలో ఫిట్టరుగా చేసేవాడట. ఎప్పుడో జపాన్ రేవులో దిగినప్పుడు అన్న కోసం కొని తెచ్చాడు. అన్నకి జపాన్ భాష రాదని, ఆ కాగితం మీద ముప్పై ఎనిమిది స్టెప్పులకీ పక్కన పెన్సిల్‌తో తెలుగులో రాసిచ్చాడు. ముందు ముక్కు మడత పెట్టు. రెక్క జోలికి ఇప్పుడే వెళ్లకు. ఇరవై రెండో స్టెప్పు దగ్గర, తొడ నుంచి కాలు లాగే చోట, "ఇక్కడ బలం పెట్టకన్నయ్యా" అని ఉంటుంది. ప్రకాశం ఇప్పుడు లేడు. మాస్టారు ఏటా క్రిస్మస్ రోజున ఆ కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో లైనూ చదువుకుంటూ, ఆ విమానాన్ని మనిషిని చేస్తారు. కాసేపు చూసుకుని మళ్లీ విమానం చేసి దాచేస్తారు. ఏడాదికి ఒక్కసారే.

అలాంటిదాన్ని ఈసారి దసరా ముందు తువ్వాల్లో చుట్టి నా దగ్గరికి తెచ్చారు. తొడ దగ్గర కీలు వదులైపోయింది, నిలబెడితే కూలబడుతోంది. షాపులో ఇచ్చే వస్తువు కాదు కాబట్టి ఇంటికే తెచ్చి, కాగితంతో సహా నా చేతిలో పెట్టారు. నీ చెయ్యి సన్నపనికి అలవాటు పడ్డ చెయ్యి, ఇంకెవరికీ ఇవ్వలేను అన్నారు. నాకు ఒళ్లు పొంగిపోయింది.

పని నిజంగానే బాగా చేశాను. పద్మ దగ్గర రంగులేని నెయిల్ పాలిష్ అడిగి తీసుకుని కీలు మీద పల్చగా ఒక పూత, ఆరాక ఇంకో పూత. గురువారానికి రాయిలా నిలబడింది. మళ్లీ విమానం చేసి, టేబుల్ మీద నా పనిముట్ల పక్కనే పెట్టాను. ఇక్కడిదాకా తప్పేమీ లేదు. ఇక్కడే ఆగిపోయి ఉంటే నేను గొప్పవాణ్ణి.

మర్నాడు ఆయుధపూజ. షాపులో పూజకి ముందు ఇంట్లో ఉన్న పనిముట్లకి అమ్మ పూజ చేస్తుంది. వంటింట్లోంచి వచ్చి, ఏటేటి పెట్టమంటావు నాన్నా అని అడిగింది. నేను ఫోన్లో ఎవడో కొత్త రోబో డబ్బా విప్పుతున్న వీడియో చూస్తున్నాను. తల ఎత్తకుండా, టేబుల్ మీదున్నవన్నీ పెట్టెయ్యమ్మా అన్నాను. మా అమ్మ ఏ పనైనా సగం చేసే మనిషి కాదు.

స్నానం చేసి వచ్చేసరికి పీట మీద అన్నీ వరసగా ఉన్నాయి. పటకారు, స్క్రూడ్రైవర్లు, టెస్టరు, సోల్డరింగ్ ఐరన్, అన్నిటికీ తలో బొట్టు. వరస చివర జోసఫ్ మాస్టారి విమానం. ముక్కు నుంచి తోక దాకా పసుపు ముద్ద. పైలట్ కూర్చునే చోట ఉన్న అద్దం మీద కుంకుమ బొట్టు. తోక మీద బంతిపువ్వు. రెండు చక్రాల కింద రెండు నిమ్మకాయలు.

పనిముట్లకి బొట్టు పెట్టి వదిలేసి, దీనికెందుకమ్మా ఇంత పసుపు అని అడిగాను.

"బండికి రాయమేటి నాన్నా? ఇది గాల్లో ఎగిరే బండి, దీనికింకా ఎక్కువ రాయాలి. కింద కత్తి కూడా ఉంది, దానికీ రాసేను," అంది.

ఆ లెక్కలో తప్పెక్కడుందో నాకు ఇప్పటికీ దొరకలేదు. ఇన్నేళ్లుగా ఆ బొమ్మల గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మంచి మాట అనలేదు. మా అమ్మ ఒక్కతే దాన్ని నిజం విమానంగా చూసింది, అదీ నాకు తిట్టుకోడానికే పనికొచ్చింది.

సబ్బు పెట్టి కడిగాను. ముద్ద పోయింది, రంగు పోలేదు. తెల్లటి విమానం నలుగు పెట్టిన పెళ్లికూతురిలా అయింది. అమ్మ మొహం చిన్నబోయింది. ఎండలో పెట్టు, రెండ్రోజుల్లో పోద్ది, సీర మీద పడితే అలాగే పోదేటి అంది. నేను ఆవిడకి క్లాసు పీకాను. పాత తెల్ల ప్లాస్టిక్‌ని ఎండలో పెట్టకూడదు, పచ్చబడిపోతుంది, ఇవన్నీ నీకు తెలీవు అన్నాను.

"ఇప్పుడూ పచ్చగానే ఉంది కదా," అంది అమ్మ.

మాటతో గెలవలేనప్పుడు కోపం వస్తుంది కదా, అదే వచ్చింది. స్కూటర్ తీసి షాపుకెళ్లి, మోటారు వార్నిష్‌లో కలిపే థిన్నర్ సీసా పట్టుకొచ్చాను. దూదితో తుడిస్తే పసుపు క్షణంలో ఎగిరిపోయింది. ఇల్లంతా ఆ ఘాటు వాసన. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. విమానం కొత్తదానిలా మెరిసిపోతోంది. చూశావా అన్నట్టు అమ్మవైపు ఒక చూపు చూశాను. ఆ చూపు గుర్తొస్తే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

శనివారం పొద్దున్న, ఇచ్చేసే ముందు ఒక్కసారి సరిచూద్దామని కూర్చున్నాను. ప్రకాశం కాగితం ముందే పరిచి ఉంది. ఇరవై ఒకటి దాకా వెన్నలా వెళ్లింది. ఇరవై రెండులో కాలు కాస్త బిగుతుగా తగిలింది. నా నెయిల్ పాలిష్ మహిమ అనుకుని మురిసిపోతూ లాగాను. టిక్ అంది. అంతే, పెద్ద చప్పుడేమీ కాదు. కాలు నా చేతిలో ఉంది, బొమ్మ టేబుల్ మీద ఉంది.

భూతద్దం పెట్టి చూస్తే థిన్నర్ తగిలిన చోటల్లా వెంట్రుకల్లాంటి పగుళ్లు. లోపలికి ఇంకి ప్లాస్టిక్‌ని తినేసింది. జిగురు పెట్టి చూశాను, పట్టలేదు సరికదా, అంచులు పొడిపొడిగా రాలాయి. అమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యేసి నిలబడింది. ఆ పూట నేను తినలేదు, అమ్మా తినలేదు.

ఆదివారం ఎలమంచిలి బస్సెక్కాను. బయల్దేరేటప్పుడు అమ్మ మాస్టారికని బూరెలు డబ్బాలో పెట్టిచ్చింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన, ఏం చెప్పాలి? నీ చెయ్యి సన్నపనికి అలవాటు పడ్డ చెయ్యి అన్నారే, ఆ చేత్తోనే విరగ్గొట్టానని ఎలా చెప్పాలి? అప్పుడు తోచింది. పసుపు రాసింది అమ్మే కదా. అది నిజమే కదా. మిగతాది కూడా అమ్మ ఖాతాలోనే వేసేస్తే పోలా? పెద్దావిడ, ఆయన ఏమీ అనలేరు. కశింకోట దాటేసరికి కథ తయారైపోయింది. అమ్మ కొబ్బరి పీచు పెట్టి తోమినట్టు, కాలు పుటుక్కుమన్నట్టు, నేను పరిగెత్తుకొచ్చేసరికి ఆలస్యమైనట్టు. ఎంత బాగా కుదిరిందంటే, దిగేటప్పటికి నా మీద నాకే జాలేసింది.

మాస్టారు అప్పుడే చర్చి నుంచి వచ్చి తెల్లచొక్కా మీదే ఉన్నారు. నేను తెచ్చిన తువ్వాలు మూట విప్పారు. నేను ఆగకుండా కథంతా చెప్పేశాను. పీచు దగ్గర చేత్తో అభినయం కూడా చేశాను. ఆయన నావైపు చూడలేదు. విరిగిన కాలు తీసుకుని వేలితో అంచు తడిమారు. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు.

మీ అమ్మగారు ఇందాకే ఫోన్ చేసేరు నూకరాజూ, అన్నారు.

నేను బస్సులో ఉండగా చేసిందట. తెలీక పసుపు రాసేను బాబూ, తప్పు నాదే, సెమించండి అందట. ఎండలో పెడితే పోయీదని, మావోడు వినకండా ఏదో ఘాటు నూనెట్టి తుడిచేడని, కాలు ఊడొచ్చిందని ఉన్నదున్నట్టు చెప్పిందట. నిన్నటి నుంచి వాడు సరిగ్గా తినలేదు, మీరు వాణ్ణి ఏటీ అనకండి అని బతిమాలిందట. బూరెల డబ్బా ఇంకా నా చేతిలోనే ఉంది.

"కాలు విరిగితే విరిగింది, ప్లాస్టిక్కు, ఎప్పటికైనా విరిగీదే," అన్నారు మాస్టారు. "అమ్మ మీద పెట్టేవేటి?"

నేను డబ్బా మూత వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో ఉన్న ఆ తల నిలబడని రోబో గుర్తొచ్చింది.

ఆయన విమానం పొట్ట కింద కాలిని అమర్చి, దారంతో కట్టారు. అలా ఉంటే విమానంలాగే కనిపిస్తుంది. ఇక క్రిస్మస్‌కి అది లేచి నిలబడదు, విమానంగానే ఉండిపోతుంది. తర్వాత ప్రకాశం కాగితం తీసి టేబుల్ మీద పరిచారు. జేబులోంచి పెన్సిల్ తీసి, ఇరవై రెండో స్టెప్పు పక్కన, తమ్ముడు రాసిన లైను కింద, నెమ్మదిగా ఏదో రాయడం మొదలెట్టారు.

ఎంత పెద్ద మనసు ఈయనది, తమ్ముడి రాత పక్కన నా గురించి రాస్తున్నారు, క్షమించేశారు కాబోలు అనుకున్నాను. రాయడం అయ్యాక కాగితం నావైపు తిప్పారు.

పైన ప్రకాశం రాత, "ఇక్కడ బలం పెట్టకన్నయ్యా."

కింద మాస్టారి రాత, "నూకరాజు చేతికి ఇవ్వకు."

లెక్కల మాస్టారు కదా, స్కేలు పెట్టి కింద రెండు గీతలు కూడా కొట్టారు, జవాబు కింద కొట్టినట్టు.